పీ0ఏ80 వెనక పచ్చటి చిలుము: హైబ్రిడ్ బ్యాటరీలో లోపం వెతికిన క్రమం

పీ0ఏ80 అనే లోపం కోడ్‌కు పేరే "హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చండి" అని పెట్టారు. అందుకే స్కానర్ తెర మీద అది కనబడగానే సగం మంది మూత కూడా విప్పకుండా ప్యాక్ మార్చేస్తారు. నేను పని చేసిన కారులోనూ అదే వచ్చింది. కానీ ప్యాక్‌లో 28 మాడ్యూళ్లు ఉంటే చివరికి మార్చాల్సి వచ్చింది ఒక్కటే. అసలు గొడవంతా ఒక నట్టు కింద ఉంది. అక్కడిదాకా ఎలా వెళ్లానో, మధ్యలో ఏ రీడింగ్ ఏం చెప్పిందో, ఏది తప్పుదోవ పట్టించిందో రాస్తున్నాను.

ముందు ప్యాక్ సంగతి. ఇది రెండో తరం ప్రియస్ తరహా నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్. ఒక్కో మాడ్యూల్‌లో 1.2 వోల్టుల సెల్స్ ఆరు, అంటే 7.2 వోల్టులు. 28 మాడ్యూళ్లు సిరీస్‌లో ఉంటాయి కాబట్టి మొత్తం 201.6 వోల్టులు, 6.5 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ ఈసీయూ, అంటే బ్యాటరీని గమనించే చిన్న కంప్యూటర్, ఒక్కో మాడ్యూల్‌ను విడిగా చూడదు. రెండేసి మాడ్యూళ్లను ఒక బ్లాక్‌గా లెక్కేసి 14 బ్లాకుల వోల్టేజీ కొలుస్తుంది. 14 బ్లాకులకు కొలిచే వైర్లు 15. మధ్యలో ఉన్న ప్రతి వైరూ ఇటు బ్లాక్‌కూ అటు బ్లాక్‌కూ ఉమ్మడిదే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ దాని మీదే నడుస్తుంది.

స్కానర్‌లో వచ్చినవి: పీ0ఏ80, పీ3016, పీ3000, పీ0ఏఏ6, వాటికి తోడు కమ్యూనికేషన్ పోయిందనే యూ0100 లాంటివి రెండు మూడు. ఇంత పెద్ద చిట్టా చూసి కంగారు పడక్కర్లేదు. పీ3000 అంటే హైబ్రిడ్ ఈసీయూ "నాకేం తెలియదు, బ్యాటరీ ఈసీయూని అడుగు" అనడం. పీ3011 మొదటి బ్లాక్‌ది, పీ3024 పద్నాలుగోది. ఆ లెక్కన పీ3016 ఆరో బ్లాక్ బలహీనమని. పీ0ఏఏ6 అంటే హై వోల్టేజీ ఎక్కడో కారు బాడీకి లీకవుతోందని.

యూ కోడ్ల దగ్గర మొదలుపెట్టాను. అవి దాదాపు ఎప్పుడూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ చలవే. రాత్రంతా ఆగిన కారులో దాని టెర్మినల్స్ దగ్గర 11.4 వోల్టులు మాత్రమే ఉంది. నిండుగా ఉంటే 12.6 ఉండాలి. ఈసీయూలు, పెద్ద బ్యాటరీని లైన్‌కు కలిపే మెయిన్ రిలేలు అన్నీ దీని మీదే లేస్తాయి. ఇది నీరసంగా ఉంటే స్టార్ట్ బటన్ నొక్కిన క్షణంలో వోల్టేజీ పడిపోయి, ఒక ఈసీయూ మేలుకునేలోపు ఇంకోటి పిలిచి, జవాబు రాలేదని కోడ్ రాసేస్తుంది. బయటి చార్జర్‌తో నింపాను. కారు రెడీలోకి (నడపడానికి సిద్ధమైన స్థితిలోకి) వచ్చాక, పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని నింపే డీసీ-డీసీ కన్వర్టర్ నుంచి 14 వోల్టులు వస్తోందని చూసుకున్నాను. యూ కోడ్లు మళ్లీ రాలేదు. ఒక జాగ్రత్త: కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలో కారు దాచుకున్న రీడింగులు) అంతా కాగితం మీద రాసుకునేదాకా చిన్న బ్యాటరీ వైరు విప్పకూడదు, ఏదీ చెరపకూడదు. ఒకసారి చెరిగితే మళ్లీ అదే పరిస్థితి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

మామూలు ఓబీడీ స్కానర్ ఇక్కడితో చేతులెత్తేస్తుంది. ఈ కార్లలో కోడ్ కింద మూడంకెల ఇన్ఫో కోడ్ ఉంటుంది. అసలు సమాచారం దాంట్లోనే దాగి ఉంటుంది. టెక్‌స్ట్రీమ్ లాంటి సాఫ్ట్‌వేర్ గానీ, హైబ్రిడ్ డేటా చదివే యాప్ గానీ ఉంటేనే అది కనబడుతుంది. పీ0ఏఏ6 కింద 526, 612 ఉన్నాయి. 526 అంటే ఇన్సులేషన్ తగ్గిందని మాత్రమే. ఎక్కడ తగ్గిందో చెప్పేది రెండో కోడ్: 611 అయితే ఏసీ కంప్రెసర్ వైపు, 612 అయితే బ్యాటరీ వైపు, 613 అయితే ట్రాన్సాక్సిల్ (మోటార్లు, గేర్లు కలిసి ఉండే భాగం), 614 అయితే హై వోల్టేజీ డీసీ కేబుళ్లు, బ్యాటరీ కరెంటును మోటార్లకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ వైపు.

ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఒక అంకె దగ్గర ఆగిపోయాను. పీ3016 పడిన క్షణంలో బ్యాటరీ నుంచి పోతున్న కరెంటు 8 ఆంపియర్లే. అది దాదాపు ఏ పనీ లేనట్టే లెక్క. సెల్ చచ్చిన బ్లాక్ సాధారణంగా ఎక్సలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు దొరికిపోతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు కోడ్ పడిందంటే, సెల్ కంటే ముందు దాన్ని కొలిచే దారిని అనుమానించాలి.

అప్పుడు లైవ్ డేటా తెరిచాను. కారు పార్క్‌లో, రెడీలో ఉంది. ఏసీ ఆపేశాను. చార్జ్ 58 శాతం. ఈ ప్యాక్‌ను కారు 40 నుంచి 80 శాతం మధ్యే తిప్పుతుంది, 60 దగ్గర ఉంచాలని చూస్తుంది. అంటే 58 దగ్గర అన్ని బ్లాకులూ ఒకేలా కనబడాలి. పన్నెండు బ్లాకులు 15.6 దగ్గరే ఉన్నాయి. ఆరోది 14.8. ఏడోది 16.4.

ఏడోదాన్ని చూడకుండా ఆరోదాన్ని మాత్రమే పట్టుకుంటే పని చెడుతుంది. ఆరు 0.8 తగ్గింది, ఏడు సరిగ్గా అంతే పెరిగింది. రెండూ కలిపితే 31.2, అంటే ఉండాల్సినంతే ఉంది. 14 రీడింగులూ కూడితే ప్యాక్ మొత్తం వోల్టేజీకి సరిపోతోంది. నిజంగా ఒక సెల్ పోయి ఉంటే ఆ బ్లాక్ సుమారు 1.2 వోల్టులు తగ్గుతుంది, మొత్తంలోనూ ఆ మేరకు కోత పడుతుంది. పక్క బ్లాక్‌కు పెరగాల్సిన పనేముంది? ఒకరి జేబులో తగ్గింది పక్కవాడి జేబులో తేలిందంటే, ఇద్దరి మధ్యా ఉన్న గీత జరిగిందన్నమాట. ఆరుకూ ఏడుకూ ఉమ్మడిగా ఉన్న కొలిచే వైరు దారిలో రెసిస్టెన్స్ చేరింది.

కానీ నిలబడిన కారులో తీసిన ఒక్క రీడింగ్‌ను నమ్మి ప్యాక్ విప్పకూడదు. రోడ్డు మీద కరెంటు మారుతున్నప్పుడు కూడా చూశాను. 90 ఆంపియర్లు లాగుతున్నప్పుడు మిగతా బ్లాకులు 13.9, ఆరు 12.9, ఏడు 14.7. బ్రేకు వేసి 60 ఆంపియర్లు లోపలికి వస్తున్నప్పుడు మిగతావి 16.8, ఆరు 16.2, ఏడు 17.6. ఏడోది ఎప్పుడు చూసినా 0.8 ఎక్కువే. కరెంటు ఎటు పోయినా మారని తేడా కొలిచే వైరుదే. ఆరోది మాత్రం లోడ్‌లో ఒక 0.2 అదనంగా పడింది, చార్జింగ్‌లో 0.2 అదనంగా లేచింది. ఆ 0.2ను రీడింగ్‌లో సహజమైన ఊగిసలాట అనుకుని వదిలేశాను. అది నా పొరపాటేనని తర్వాత తేలింది.

ఇక్కడ మూడు రకాల గుర్తులు వేరు చేసుకోవాలి. సెల్ బలహీనమైతే ఒక బ్లాక్ మాత్రమే లోడ్‌లో బాగా పడుతుంది, చార్జింగ్‌లో అందరికంటే ముందు ఎగురుతుంది. కొలిచే వైరు చెడితే రెండు పక్కపక్క బ్లాకులు ఎదురెదురుగా తప్పుతాయి, తేడా కరెంటుతో మారదు. బస్‌బార్ (మాడ్యూళ్లను ఒకదానికొకటి కలిపే రాగి పట్టీ) జాయింట్ వదులైతే నిలబడి ఉన్నప్పుడు అంతా బాగుంటుంది, కరెంటు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. జాయింట్‌లో 10 మిల్లీ ఓములు చేరితే చాలు, 100 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు పోతుంది, 100 వాట్ల వేడి ఆ చిన్న రాగి పట్టీ మీద పుడుతుంది. మొదటిదీ మూడోదీ తెర మీద కవల పిల్లల్లా కనబడతాయి. విప్పి చూస్తే గానీ తేలదు.

చవక బ్లూటూత్ అడాప్టర్లతో ఒక చిక్కుంది. అవి 14 బ్లాకులనూ ఒకేసారి చదవవు, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోతాయి. మధ్యలో మీరు ఎక్సలరేటర్ వదిలేస్తే మొదటి బ్లాకులు లోడ్‌లోవి, చివరి బ్లాకులు ఖాళీగా ఉన్నప్పటివి వస్తాయి. అది చూసి బాగున్న బ్లాక్ మీద నింద వేసిన వాళ్లున్నారు. కరెంటును మూడు నాలుగు సెకన్లు ఒకే దగ్గర నిలిపి చదవాలి. డ్రైవింగ్ ఒకరు, రీడింగ్ ఇంకొకరు.

తర్వాత పీ0ఏఏ6. బ్యాటరీ ఈసీయూలో లీక్ కనిపెట్టే చిన్న సర్క్యూట్ ఒకటుంటుంది. అది హై వోల్టేజీ లైన్‌లోకి చిన్న ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) సిగ్నల్ పంపి, ఎంత తిరిగొస్తుందో చూస్తుంది. డేటా లిస్ట్‌లో దాన్ని "షార్ట్ వేవ్ హయ్యెస్ట్ వాల్యూ" అంటారు. ఇన్సులేషన్ బాగుంటే 5 వోల్టులకు దగ్గరగా ఉంటుంది, లీక్ పెరిగేకొద్దీ సున్నా వైపు జారుతుంది. దీన్ని అంచెలంచెలుగా చూడాలి. బ్రేకు తొక్కకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేస్తే మెయిన్ రిలేలు ఇంకా మూసుకోవు, లైన్‌లో బ్యాటరీ ఒక్కటే ఉంటుంది. అప్పుడే తక్కువగా ఉంటే లీక్ బ్యాటరీ లోపలే. అప్పుడు బాగుండి రెడీలోకి రాగానే పడితే కేబుళ్లు, ఇన్వర్టర్. గేర్‌లో వేసి కదిలాక పడితే మోటార్ వైండింగ్. ఏసీ వేసిన వెంటనే పడితే కంప్రెసర్. కంప్రెసర్ దగ్గర తరచూ జరిగే తప్పు నూనెది. ఎలక్ట్రిక్ కంప్రెసర్‌కు ఎన్‌డీ-11 అనే ఇన్సులేటింగ్ నూనె పోయాలి. బెల్టు కంప్రెసర్లకు వాడే ప్యాగ్ నూనె కలిస్తే వైండింగ్ ఇన్సులేషన్ పడిపోయి 611 వస్తుంది. ఏసీ గ్యాస్ నింపించిన వారానికి పీ0ఏఏ6 వస్తే ముందు అదే అడగాలి.

ఈ కారులో ఇగ్నిషన్ ఆన్ చేయగానే 1.2 వోల్టులు చూపించింది. రిలేలు మూసుకోకముందే లీక్. 612తో సరిపోయింది. ఇక ప్యాక్ విప్పాల్సిందే.

దీంట్లో తొందర పనికిరాదు. 60 వోల్టుల డీసీ దాటితే ప్రమాదకరమైన వోల్టేజీ కింద లెక్క, ఇక్కడ ఉన్నది 200 పైనే. కీ దూరంగా పెట్టి, చిన్న బ్యాటరీ నెగటివ్ విప్పి, 1000 వోల్టుల క్లాస్ 0 గ్లవ్స్ వేసుకుని ప్యాక్‌ను మధ్యలో తెంపే నారింజ రంగు సర్వీస్ ప్లగ్ లాగాను. గ్లవ్స్ వేసుకునే ముందు చుట్టి గాలి బిగబట్టి చూడాలి, సూది బెజ్జం ఉన్నా బుస్సుమంటుంది. ప్లగ్ జేబులోనే పెట్టుకోవాలి, పక్క సీటులో పెడితే ఎవరో ఒకరు "ఇదేదో ఊడిందే" అని తిరిగి పెట్టేస్తారు. ఇన్వర్టర్ కెపాసిటర్లు ఖాళీ అవడానికి 10 నిమిషాలు ఆగి, ఇన్వర్టర్ టెర్మినల్స్ దగ్గర సున్నా వోల్టులు ఉన్నట్టు క్యాట్-3 1000 వోల్టుల మీటర్‌తో చూశాను. ఆ మీటర్ పని చేస్తోందో లేదో ముందూ తర్వాతా 12 వోల్టుల బ్యాటరీ మీద పరీక్షించాను. ఒక సంగతి మరిచిపోకూడదు. సర్వీస్ ప్లగ్ తీస్తే ప్యాక్ రెండు ముక్కలవుతుంది గానీ చచ్చిపోదు. ఒక్కో ముక్కలోనూ ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. ఉంగరం, గడియారం తీసేసి, పానాలకు టేపు చుట్టుకుని పని చేయాలి.

లీక్ ఎక్కడుందో కంటితో వెతికే ముందు మీటర్‌తోనే వెతికాను. ఇది నాకు బాగా నచ్చిన పద్ధతి. మంచి ప్యాక్‌లో ఏ టెర్మినల్ నుంచి ఇనుప ట్రేకి కొలిచినా వోల్టేజీ నిలబడదు, కాసేపు ఊగి సున్నాకు దిగిపోతుంది. లీక్ ఉంటే ట్రే ఆ లీక్ ఉన్న చోటి వోల్టేజీకి అంటుకుని ఉంటుంది. మొదటి మాడ్యూల్ బయటి వైపు టెర్మినల్ నుంచి ట్రేకి కొలిస్తే 93 వోల్టులు స్థిరంగా నిలిచింది. ఒక్కో మాడ్యూల్ అప్పటికి 7.8 వోల్టుల్లో ఉంది. 93ను 7.8తో భాగిస్తే దాదాపు 12 వస్తుంది. పన్నెండో మాడ్యూల్ చివర, పదమూడో దాని మొదట. అంటే ఆరో బ్లాక్, ఏడో బ్లాక్ కలిసే చోటు. రెండో ముక్క నుంచి కొలిస్తే ఏమీ నిలవలేదు. తప్పుడు వోల్టేజీ చూపిన వైరూ, లీకూ ఒకే నట్టు దగ్గర కలిశాయి.

లీక్ ఎంతో తెలియడానికి మీటర్ తీగల మధ్య 100 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి పెట్టి మళ్లీ కొలిచాను. 93 కాస్తా 68కి దిగింది. 93ను 68తో భాగించి ఒకటి తీసేసి 100 కిలో ఓములతో గుణిస్తే సుమారు 37 కిలో ఓములు. ప్యాక్ వోల్టేజీతో భాగిస్తే వోల్టుకు 183 ఓములు. విద్యుత్ వాహనాల భద్రతకు వాడే యూఎన్ ఆర్100 నిబంధనలో డీసీకి వోల్టుకు 100 ఓములు, ఏసీకి 500 ఓములు కనీసం ఉండాలంటారు. ఈ సిస్టమ్‌లో ఆల్టర్నేటింగ్ కరెంట్ మోటార్లు కూడా అదే లైన్‌కు తగిలి ఉంటాయి కాబట్టి 500 లెక్కే చూడాలి. ఆ లెక్కన ఇక్కడ లక్ష ఓములు కావాలి, ఉన్నది దాంట్లో మూడో వంతు. ఇలాంటి చోట 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) తగిలించకండి. అది చచ్చిన కేబుళ్లకు, మోటార్ వైండింగులకు పనికొస్తుంది. బతికున్న ప్యాక్‌కు, అందులోనూ ఈసీయూ తగిలి ఉన్న ప్యాక్‌కు పెడితే లీక్ దొరకడం అటుంచి ఈసీయూ పోతుంది.

బస్‌బార్ల మీది ప్లాస్టిక్ కవర్ తీశాను. పన్నెండో మాడ్యూల్ నెగటివ్ టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి, ఉప్పు పేరుకున్నట్టు. దాని కింద రాగి పట్టీ మీద పచ్చటి చిలుము, నట్టు అంచుల దాకా పాకింది. కొలిచే వైరు రింగు చిలుములో కూరుకుపోయి, వేలితో తాకితే కదిలింది. టెర్మినల్ మొదట్లో ప్లాస్టిక్ సీల్ మీద వెంట్రుక వాసి పగులు. అక్కడి నుంచి మాడ్యూల్ పక్క గోడ మీదుగా తడి జాడ ఒకటి ట్రే వరకు దిగి ఆరిపోయింది. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం అంటించగానే నీలమైంది. లోపలి ఎలక్ట్రోలైట్ పొటాషియం హైడ్రాక్సైడ్, గట్టి క్షారం. అది చిన్న సందు దొరికినా పాకుతుంది, నెగటివ్ టెర్మినల్ దగ్గర మరీను.

సీల్ ఎందుకు పగిలిందో కూడా అక్కడే రాసి ఉంది. ఈ మాడ్యూల్ మీది ముద్ర చుట్టుపక్కల వాటితో సరిపోలడం లేదు. నట్టు మూలలు అరిగి ఉన్నాయి. అంటే ఇదివరకు ఎవరో ఈ ఒక్కదాన్ని మార్చి, చేతి బలంతో బిగించారు. ఈ 8 మిల్లీమీటర్ల నట్టుకు కావాల్సిన టార్క్ 5.4 న్యూటన్ మీటర్లు. మణికట్టు ఒక్కసారి తిప్పితే దాటిపోయేంత తక్కువ. చక్రాల నట్టులు బిగించే చేత్తో వీటిని బిగిస్తే టెర్మినల్ లోపల తిరిగి సీల్ చిట్లుతుంది. అప్పుడు తెలియదు, నెలల తర్వాత చిలుము రూపంలో బయటపడుతుంది.

వైరు సంగతి తేల్చడంలో ఒక మోసం ఉంది. ఈసీయూ కనెక్టర్ ఊడదీసి దాని పిన్నుల మధ్య మీటర్ పెడితే ఆరో బ్లాక్ 15.6 అని నిక్షేపంగా చూపించింది. వైరు బాగుందని అక్కడే వదిలేసే ప్రమాదం ఉంది. మీటర్ లోపలి రెసిస్టెన్స్ 10 మెగా ఓములు, దాని గుండా కరెంటు పోనే పోదు. కరెంటు పోకపోతే చిలుము మీద వోల్టేజీ ఎందుకు పడుతుంది? లీక్ కొలిచిన ఆ 100 కిలో ఓముల రెసిస్టర్‌నే ఆ రెండు పిన్నుల మధ్య వేలాడదీశాను. 15.6 కాస్తా 14.1 అయింది. ఈ వైరుతో సంబంధం లేని ఐదో బ్లాక్‌లో అదే రెసిస్టర్ పెడితే చుక్క కూడా కదల్లేదు. లెక్కేస్తే చిలుము దారిలో 10 కిలో ఓములకు పైగా ఉంది. వైర్లు ప్యాక్‌కు తగిలి ఉండగా మీటర్‌ను ఓముల్లో పెట్టి కొలవకూడదు, మీటర్ ఫ్యూజు పోతుంది, కొన్నిసార్లు మీటరే పోతుంది.

ఇక ఆ వదిలేసిన 0.2 వోల్టు. మాడ్యూళ్లన్నీ బయటికి తీశాక ఒక్కోదానికి 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు రెండు నిమిషాలు తగిలించాను. 7.8 వోల్టుల దగ్గర అది 3, 3.5 ఆంపియర్లు లాగుతుంది. మిగతావి 7.5 దగ్గర నిలబడ్డాయి. పన్నెండోది 7.1కి దిగింది. ఎలక్ట్రోలైట్ కారిపోయి అది లోపల ఎండిపోతోంది. చిలుము గీకి, వైరు మార్చి మూత పెట్టేసి ఉంటే పీ3016 ఈసారి నిజంగానే వచ్చేది.

ఆరు సెల్స్ నికెల్ మెటల్ హైడ్రైడ్ చార్జ్ చేయగల హాబీ చార్జర్‌తో సామర్థ్యం కొలిచాను: 5 ఆంపియర్లతో నింపడం, 6 వోల్టుల దాకా ఖాళీ చేయడం, మూడు సార్లు. పన్నెండోది 3.1 ఆంపియర్ అవర్ల దగ్గర ఆగింది. మిగతావి 4.6 నుంచి 5.2 మధ్య. చార్జ్ చేసేటప్పుడు మాడ్యూళ్లను రెండు పలకల మధ్య బిగించే ఉంచాలి. విడిగా పెట్టి చార్జ్ చేస్తే లోపలి ఒత్తిడికి పొట్ట ఉబ్బి, తిరిగి ప్యాక్‌లో పట్టవు. చేత్తో తాకి చూస్తూ ఉండాలి, 45 డిగ్రీలు దాటుతుంటే ఆపేయాలి.

బదులు మాడ్యూల్ ఎంచుకునేటప్పుడు ఉన్నవాటిలో గొప్పది వెతకక్కర్లేదు. సిరీస్‌లో అందరితో నడిచేది కావాలి. 6.2 ఆంపియర్ అవర్లు ఇచ్చే మాడ్యూల్ దొరికినా పక్కన పెట్టి 4.9 ఇచ్చేదాన్ని తీసుకున్నాను. ఇంకో పరీక్ష కూడా చేయాలి. నిండా చార్జ్ చేసి పది రోజులు వదిలేయాలి. మిగతావాటికంటే ఎక్కువ దిగజారితే దాంట్లో ఒక సెల్ లోపల్లోపలే ఖాళీ అవుతోందని అర్థం, సామర్థ్యం ఎంత చూపించినా పనికిరాదు.

శుభ్రం చేయడం గురించి. క్షారాన్ని ముందు చంపాలి. 20 లీటర్ల నీటికి 800 గ్రాముల బోరిక్ యాసిడ్ లెక్కన కలిపి, గుడ్డతో ట్రే అంతా తుడిచాను. లిట్మస్ నీలం కావడం ఆగేదాకా తుడవాలి, తర్వాత డిస్టిల్డ్ వాటర్, తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. బస్‌బార్లను వెనిగర్‌లో పదిహేను నిమిషాలు నానబెడితే చిలుము దానంతట అదే వదులుతుంది. గరుకు కాగితంతో గీకకండి. పట్టీ మీద నికెల్ పూత ఉంటే అది పోయి, బయటపడ్డ రాగి ఇంకా త్వరగా చిలుమెక్కుతుంది. కొలిచే వైర్ల ఫ్రేమ్ మొత్తం మార్చేశాను. రింగు ఒక్కటే కత్తిరించి అతికించడం సాధ్యమే, కానీ వైరు లోపలికి చిలుము ఎంత దూరం పాకిందో బయటికి కనబడదు.

తిరిగి పేర్చే ముందు 28 మాడ్యూళ్లనూ ఒక రోజంతా పారలల్‌లో కలిపి ఉంచాను, అన్నీ ఒకే మట్టానికి రావడానికి. కలిపే ముందు వాటి మధ్య తేడా 0.2 వోల్టుల లోపు ఉండాలి, లేకపోతే కలిపిన క్షణంలో పెద్ద కరెంటు దూకుతుంది. పేర్చేటప్పుడు ప్లస్, మైనస్ ఒకటి విడిచి ఒకటి తిరగేసి రావాలి. ప్రతి బస్‌బార్ వేసే ముందు మీటర్ పెట్టి చూశాను. ఒక్క మాడ్యూల్ తిరగబడినా మొత్తంలో దాదాపు 15 వోల్టులు తేడా వస్తుంది. కింది బోల్టులు వేసి, అడుగున ఉండే టెంపరేచర్ సెన్సర్ల క్లిప్పులు మరిచిపోకుండా పెట్టి, నట్టులన్నీ చిన్న టార్క్ రెంచ్‌తో 5.4 దగ్గర ఆపాను.

వెనక సీటు పక్కన ఉండే గాలి దారినీ, ఫ్యాన్‌నూ ఎలాగూ తీశారు కాబట్టి అప్పుడే దులిపేయాలి. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము అట్టకట్టి ఉంటే మధ్య మాడ్యూళ్లు ఎక్కువ వేడెక్కి ముందు పోతాయి. స్కానర్ నుంచే ఫ్యాన్‌ను నడిపించే యాక్టివ్ టెస్ట్‌లో 1 నుంచి 6 దాకా వేగాలు ఒక్కొక్కటే వేసి శబ్దం మారుతోందో లేదో విన్నాను.

అంతా బిగించి స్టార్ట్ నొక్కితే కారు రెడీలోకి రాలేదు. పీ0ఏ0డీ, ఇంటర్‌లాక్ (హై వోల్టేజీ ప్లగ్గులు సరిగ్గా మూసుకున్నాయో లేదో చూసే సర్క్యూట్) తెగిందని. ఇంత పని చేశాక ఏదో వైరు మరిచిపోయామనే కంగారు పడతారు ఎవరైనా. సర్వీస్ ప్లగ్ పిడిని తోసి, తిప్పితే చాలదు, చివరి గాడి దాకా జరపాలి. ఆ ఆఖరి జరుపులోనే ఇంటర్‌లాక్ స్విచ్ కలుస్తుంది. జరిపి, కోడ్ చెరిపాక రెడీ వచ్చింది.

షార్ట్ వేవ్ రీడింగ్ ఇగ్నిషన్‌లో, రెడీలో, డ్రైవ్‌లో, ఏసీ వేశాక కూడా 4.9 దగ్గరే ఉంది. రోడ్డు మీద 90 ఆంపియర్ల దగ్గర 14 బ్లాకుల మధ్య తేడా ఎక్కువలో ఎక్కువ 0.2. ఆరూ ఏడూ ఒకే గీత మీద నడుస్తున్నాయి. అయితే విప్పినప్పుడు ఇంకో రెండు చోట్ల, పదకొండో మాడ్యూల్ దగ్గర, పదమూడో దాని దగ్గర, నట్టు మూలలు అలాగే అరిగి కనబడ్డాయి. సీల్ మీద పగులు లేదు, లిట్మస్ నీలం కాలేదు. వాటిని వదులు చేసి 5.4కి బిగించి, నట్టుకూ బస్‌బార్‌కూ కలిపి తెల్ల పెయింటుతో గీత పెట్టాను. షార్ట్ వేవ్ 4.5 కంటే కిందికి దిగితే మూత తీసి ముందు చూడాల్సింది ఆ రెండు గీతల్నే.